స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చాక మొదటి ఏడాది: ఏం చేయాలి, ఎక్కడ పొరపాటు పడతారు

"స్టెంట్ వేశారు కదండీ, ఇంకా ఇన్ని మాత్రలెందుకు?" కావలిలో మా మందుల షాపు కౌంటర్ దగ్గర ఈ ప్రశ్న వినని వారం లేదు. రెండో ప్రశ్న కొంచెం గొంతు తగ్గించి అడుగుతారు: "మా నాన్నకి ఇంక భయం లేనట్టేనా?" ఉదయగిరి, కందుకూరు, బిట్రగుంట, ఏ వైపు నుంచి వచ్చినవాళ్లదైనా ఇదే మాట. ప్రతిసారీ హడావుడిగా సగం సగం చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను.

రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. స్టెంట్ రక్తనాళంలో పూడుకుపోయిన ఒక చోటును తెరుస్తుంది, అంతే. ఆ పూడికకు కారణమైన జబ్బు మిగతా రక్తనాళాల్లో ఇంకా ఉంది. ఇకముందు ఎలా ఉంటుందనేది గుండె పంపింగ్ ఎంత మిగిలింది, షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ ఎంత అదుపులో ఉన్నాయి, పొగాకు మానారా, మందులు ఆపకుండా వేసుకుంటున్నారా అన్నవాటిని బట్టి ఉంటుంది. గుండెపోటు వచ్చినవాళ్లలో పంపింగ్ సంగతి చాలావరకు ఆసుపత్రికి ఎంత తొందరగా చేరారన్న దాంతోనే తేలిపోయింది. మిగతావన్నీ ఇంట్లో తేలతాయి. అవి సరిగ్గా జరిగినవాళ్లలో ఏళ్ల తరబడి మామూలుగా పని చేసుకుంటూ తిరుగుతున్నవాళ్లు మా షాపుకే చాలామంది వస్తారు.

ఒక మాట ముందే చెప్పాలి. నేను డాక్టర్ని కాదు. ఏ మాత్ర ఆపాలన్నా, మోతాదు మార్చాలన్నా మీ కార్డియాలజిస్టు చెప్పాల్సిందే.

కావలసినవి

- డిశ్చార్జి సమ్మరీ, యాంజియోగ్రామ్ సీడీ, స్టెంట్ వివరాలున్న కార్డు లేదా స్టిక్కర్. వీటికి ఫోటోలు తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి.
- జబ్బకు కట్టే బీపీ మిషన్. మణికట్టుకు పెట్టేవి కొనకండి, అంకెలు తేడాగా చూపిస్తాయి.
- బరువు చూసుకునే మిషన్.
- వారానికి సరిపడా గదులున్న మాత్రల డబ్బా.
- ఒక నోటు పుస్తకం.
- డాక్టరు రాసిచ్చి ఉంటే, నాలుక కింద పెట్టుకునే మాత్రలు.

1. మాత్రల పట్టీ రాసుకోండి

డిశ్చార్జి అయిన రోజే ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: మాత్ర పేరు, అందులో ఉన్న మందు, ఎందుకు, ఏ వేళకు. రెండో గడి చాలా ముఖ్యం. షీటు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. అసలు మందు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని అదే రాసుకోండి.

నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. నెల్లూరులో ఒక డాక్టరు ఎకోస్ప్రిన్ గోల్డ్ రాస్తారు. అందులో ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్, క్లోపిడోగ్రెల్ మూడూ కలిసే ఉంటాయి. ఊళ్లో ఇంకో డాక్టరు షుగరు చూసి విడిగా అటోర్వాస్టాటిన్ రాస్తారు. పాత షీట్లు ఇంట్లో ఎలాగూ మిగిలి ఉంటాయి. చివరికి ఒకే మందు రెండు మూడు పేర్లతో కడుపులోకి పోతుంది. దీనికి తలకిందులుగా జరిగేదీ ఉంది. ఎకోస్ప్రిన్ ఏవీ వేసుకుంటున్నాను కాబట్టి కొలెస్ట్రాల్ మందు సరిపోతుందనుకుంటారు. మామూలుగా దొరికే ఎకోస్ప్రిన్ ఏవీ 75లో అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములే. స్టెంట్ పడ్డవాళ్లకు డాక్టర్లు సాధారణంగా రాసేది 40 నుంచి 80 మిల్లీగ్రాములు. పేరు చివర ఉన్న అక్షరాలూ అంకెలూ మారితే మందు మారినట్టే లెక్క.

షాపులో వేరే కంపెనీ మాత్ర ఇస్తే భయపడక్కర్లేదు. మందు పేరు, మిల్లీగ్రాములు పట్టీతో సరిపోతే చాలు. మందుల షాపువాడు చెప్పకూడని మాటే గానీ, జన ఔషధి కేంద్రాల్లో ఈ మందుల్లో చాలావరకు బాగా తక్కువ ధరకు దొరుకుతాయి. డబ్బుల్లేక నెలలో పది రోజులు మాత్రలు మానేయడం కంటే అక్కడికి వెళ్లడం వెయ్యి రెట్లు నయం. ఎన్టీఆర్ వైద్య సేవ కింద స్టెంట్ వేయించుకున్నవాళ్లు, తర్వాత చూపించుకోవడానికీ మందులకూ ఏమైనా వస్తుందేమో ఆసుపత్రిలోని ఆ పథకం కౌంటర్లోనే అడిగి తెలుసుకోండి.

2. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే రెండు మందులు ఒక్క రోజు కూడా వదలకండి

ఈ కాగితంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇదే పెట్టుకోండి. కొత్త స్టెంట్ లోహపు వలలాంటిది. దాని మీద లోపలి పొర పూర్తిగా పరుచుకునే దాకా రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. అందుకే ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్, ప్రాసుగ్రెల్‌లో ఒకటి ఇస్తారు. గుండెపోటు వచ్చి స్టెంట్ వేసినవాళ్లకు మామూలుగా 12 నెలలు, గుండెపోటు లేకుండా వేసినవాళ్లకు సుమారు 6 నెలలు రెండూ కలిపి వాడమంటారు. రక్తస్రావం భయం ఉన్నవాళ్లకు డాక్టరే తగ్గిస్తారు. ఆ తర్వాత కూడా వీటిలో ఒకటి, ఎక్కువమందికి ఆస్పిరిన్, ఉండిపోతుంది. మీ రెండో మందు ఏ తేదీ దాకానో డిశ్చార్జి సమ్మరీలో లేకపోతే అడిగి పట్టీ మీద రాయించుకోండి.

జనం వీటిని ఎప్పుడు ఆపేస్తారో చెబుతాను. పన్ను పీకించుకునేటప్పుడు. కంటి ఆపరేషన్‌కు. బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని. చేతి మీద కమిలిన మచ్చలు కనిపించాయని. ఇక పెళ్లికి వేరే ఊరెళ్లి డబ్బా మరిచిపోయినప్పుడు. వీటిలో ఏ ఒక్కటీ మీ అంతట మీరు ఆపడానికి కారణం కాదు. పళ్ల డాక్టరుకు స్టెంట్ సంగతి ముందే చెప్పండి, చాలా పనులు మందు ఆపకుండానే చేస్తారు. ఆపరేషన్ తప్పదంటే ఆ డాక్టరూ మీ గుండె డాక్టరూ మాట్లాడుకుని తేల్చాలి.

మరిచిపోతే: క్లోపిడోగ్రెల్ వేళ దాటి 12 గంటలు కాకపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. 12 గంటలు దాటితే వదిలేసి మరుసటిది వేళకు వేసుకోండి. టికాగ్రెలార్ పూటకొకటి చొప్పున రోజుకు రెండుసార్లు ఉంటుంది. ఒక పూట తప్పితే తర్వాతి పూటది వేళకు వేసుకోవడమే. ఏ మందైనా, తప్పిపోయిన మోతాదును తర్వాతి మోతాదుతో కలిపి ఒకేసారి వేసుకోవద్దు. టికాగ్రెలార్‌తో కొందరికి ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. ఆపేయకండి, డాక్టరుకు ఫోన్ చేయండి, మందు మార్చే వీలుంది.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి: తారులా నల్లటి విరేచనం, రక్తపు వాంతి, ఎప్పుడూ లేనంత తలనొప్పి, ఆగని ముక్కు రక్తం.

3. నొప్పి వస్తే ఏం చేయాలో ఇంట్లో అందరికీ నేర్పండి

ఛాతీలో బరువు, బిగుతు, మంట, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి, చల్లటి చెమటలు. ఇవి తెలిసినవే. షుగరు ఉన్నవాళ్లకూ ఆడవాళ్లకూ పెద్ద వయసువాళ్లకూ నొప్పి లేకుండా ఆయాసం, వాంతి, ఉన్నట్టుండి నీరసం మాత్రమే రావచ్చు.

డాక్టరు నాలుక కింద మాత్ర (సార్బిట్రేట్ లాంటిది) రాసి ఉంటే, ముందు కూర్చోండి. నిలబడి వేసుకుంటే బీపీ పడిపోయి తూలి పడతారు. ఒకటి నాలుక కింద పెట్టుకోండి, మింగకండి. తలనొప్పి, ముఖం వేడెక్కడం మామూలే. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే, లేదా పెరిగితే, 108కి ఫోన్ చేయండి. ఇంకో మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది డాక్టరు రాసిచ్చిన ప్రకారం.

హెచ్చరిక: వయాగ్రా లాంటి, మగవాళ్లు పడక కోసం వాడే మాత్రల్లో సిల్డెనాఫిల్ వేసుకుని 24 గంటలు, టడలాఫిల్ వేసుకుని 48 గంటలు కాకుండా ఈ మాత్ర వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. సిగ్గుపడి దాచే విషయం కాదిది. ఇంకొకటి, పక్కింటాయనకు నొప్పి వచ్చిందని మీ మాత్ర ఇవ్వకండి.

"గ్యాస్ అయ్యుంటుంది" అని సోడా తాగి, ఈనో తాగి, వీపు రుద్దించుకుని తెల్లవారేదాకా కూర్చోవడం మన వైపు చాలా ఇళ్లలో జరిగేదే. గుండెపోటులో ఈసీజీ తీసేదాకా అది గ్యాసో కాదో ఎవరికీ తెలియదు. సీతారామపురం, వరికుంటపాడు వైపు నుంచి నెల్లూరు చేరడానికి గంటలు పడుతుంది. అలాంటి ఊళ్లవాళ్లు నేరుగా పెద్ద ఆసుపత్రికే పోవాలన్న పట్టుదలతో సమయం పోగొట్టుకోకూడదు. ఈసీజీ తీసి, అవసరమైతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే ఆసుపత్రి మీకు దగ్గర్లో ఏదుందో ఇవాళే కనుక్కుని పుస్తకం మొదటి పేజీలో రాయండి. నొప్పితో ఉన్న మనిషి బైకు నడపకూడదు, వెనక కూర్చుని వెళ్లడమూ మంచిది కాదు.

4. ఒళ్లు నొప్పుల మాత్రలకు దూరంగా ఉండండి

మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, జ్వరానికి ఐబుప్రోఫెన్ కలిసిన మాత్ర అడక్కుండానే దొరుకుతాయి. ఇవి గుండెకూ కిడ్నీలకూ చెరుపు చేస్తాయి, పైగా ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం. నొప్పికైనా జ్వరానికైనా ముందు పారాసెటమాల్. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే సూది వేసేలోపే చెప్పండి: "నాకు స్టెంట్ ఉంది, రక్తం పలచబడే మందులు వాడుతున్నాను." గ్యాస్ మాత్ర అవసరమై, మీరు క్లోపిడోగ్రెల్ మీద ఉంటే ఒమెప్రజోల్ కంటే పాంటోప్రజోల్ మేలు.

బీపీకీ గుండెకూ ఇచ్చే రామిప్రిల్ వేసుకునేవాళ్లలో కొందరికి పొడి దగ్గు వస్తుంది. దగ్గు మందు సీసా మీద సీసా కొంటారు గానీ తగ్గదు. ఆ మందుకు బదులు టెల్మిసార్టాన్ లాంటిది ఇస్తే పోతుంది. డాక్టర్ని అడగండి. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్, బిసోప్రొలాల్ లాంటివి మాత్రం ఏ కారణంతోనైనా ఒక్కసారిగా ఆపకూడదు.

5. చేయి మానాక నడక

స్టెంట్ మణికట్టు నుంచి వేసి ఉంటే ఓ వారం ఆ చేత్తో నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్ ఎత్తొద్దు. ఆ చోట వాపు పెరుగుతున్నా, వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కినా వెంటనే చూపించండి.

నడక మొదట్లో పూటకు ఐదు, పది నిమిషాలు, చదునైన నేల మీద. రెండు మూడు రోజులకోసారి కాస్త పెంచుతూ నెల, నెలన్నరకు రోజుకు అరగంటకు చేరితే బాగుంటుంది. వేగం సరిపోయిందో లేదో చూసుకోవడం సులువు: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మాటకూ ఊపిరి ఆడకపోతే తగ్గించండి. పెద్ద గుండెపోటు వచ్చి పంపింగ్ తగ్గినవాళ్లు ఈ లెక్క పట్టుకోకుండా డాక్టరు చెప్పినట్టే నడవాలి.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు దాటాక బయట నడవకండి. బీపీ మందులు, నీరు పోయే మాత్రలు వాడేవాళ్లకు మన ఎండకు తొందరగా కళ్లు తిరుగుతాయి. నీళ్లు ఎంత తాగాలో కూడా అడగండి, పంపింగ్ తక్కువున్నవాళ్లకు దానికీ కొలత ఉంటుంది.

షాపు, ఆఫీసు పనులకు చాలామంది ఒకటి రెండు వారాల్లో వెళ్లిపోతారు. చీమకుర్తి క్వారీల్లోనో రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలాలోనో ఉన్నవాళ్లు డాక్టరు సరేనన్నాకే వెళ్లాలి. భార్యాభర్తల మధ్య ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు: రెండు అంతస్తుల మెట్లు నొప్పి, ఆయాసం లేకుండా ఎక్కగలిగితే భయం అక్కర్లేదు.

6. తిండి: ఉప్పుతో మొదలుపెట్టండి

చేపల పులుసు మానేయాలా అని అడుగుతారు. అక్కర్లేదు. చేప మంచిదే, నూనె తగ్గించండి. మానాల్సింది ఎండుచేప, ఊరమిరపకాయలు, రోజూ అన్నంలోకి ఆవకాయ, పూటపూటా అప్పడాలు. రోజుకు మనిషికి అన్నిటిలో కలిపి ఒక చిన్న చెంచాడు ఉప్పు, అంటే 5 గ్రాములు దాటకూడదు. పచ్చడి తిన్న పూట కూరలో ఉప్పు తగ్గించకపోతే లెక్క దాటిపోతుంది.

హెచ్చరిక: "సోడియం తక్కువ" అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. రామిప్రిల్, టెల్మిసార్టాన్, స్పైరొనొలాక్టోన్ వాడేవాళ్లకు, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లకు అది ప్రమాదం. అడగకుండా కొనొద్దు.

నూనె మనిషికి నెలకు అర లీటరు. షుగరున్నవాళ్లు మొలగొలుకుల అన్నమైనా సరే సగానికి తగ్గించి, ఆ చోట కూర, పప్పు పెంచాలి. నేతి కారం దోసె, మలై కాజా పండక్కీ పబ్బానికీ.

వెల్లుల్లి, అల్లం, నిమ్మ, వెనిగర్ కాచి తాగితే బ్లాకులు కరిగిపోతాయని ఫోన్లలో తిరిగే కషాయం గురించి వారానికొకరు అడుగుతారు. కరగవు. తాగితే తాగండి గానీ దానికోసం మాత్రలు మానితే నష్టపోయేది మీరే. తెల్లమద్ది బెరడు పొడి సంగతీ అంతే, వాడుతుంటే డాక్టరుకు చెప్పండి.

7. పొగాకు

పొగాకు పండించే నేల మనది. టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల పేర్లు తెలియని రైతు లేడు. అందుకే ఇక్కడ చుట్ట, బీడీ, ఖైనీ మాట గట్టిగా చెప్పడానికి అందరూ మొహమాటపడతారు. గుండెపోటు తర్వాత పొగ పూర్తిగా మానినవాళ్లలో చావు ముప్పు సుమారు మూడో వంతు తగ్గుతుంది. ఏ ఖరీదైన మాత్రా ఇంతకంటే పెద్ద మేలు చేయదు. "రోజుకొకటే" అన్నది మానినట్టు కాదు. నోట్లో పెట్టుకునే ఖైనీ, గుట్కా కూడా లెక్కలోకే వస్తాయి. ఒంటరిగా మానలేకపోతే 1800-11-2356కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. నికోటిన్ గమ్ మొదలుపెట్టే ముందు డాక్టర్ని అడగండి.

8. పని చేస్తోందో లేదో చూసుకోవడం

బీపీ: ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి చూడండి. మాట్లాడుతూ చూడొద్దు. కాఫీ తాగిన అరగంట దాకా వద్దు. రెండుసార్లు చూసి రాయండి. ఎక్కువమందికి 130/80 లోపు ఉండాలి. ఒక రోజు 150 వచ్చిందని అదనంగా మాత్ర మింగకండి, వారం అంకెలు చూపించండి.

కొలెస్ట్రాల్: మందు మొదలైన 4 నుంచి 8 వారాల్లో లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ రక్తపరీక్ష) చేయించి ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్ గడి చూడండి. ల్యాబ్ కాగితం మీద పక్కన "100 లోపు నార్మల్" అని అచ్చేసి ఉంటుంది. అది జబ్బు లేనివాళ్లకు. స్టెంట్ పడ్డవాళ్లకు 55 లోపు రావాలి, మొదట ఉన్నదానికి సగమైనా తగ్గాలి. 90 వచ్చిందని సంతోషపడి మందు ఆపేసినవాళ్లు ఉన్నారు. తగ్గింది మందు వల్లే, ఆపితే మళ్లీ పెరుగుతుంది. 55 రాకపోతే ఎజెటిమైబ్ లాంటిది కలుపుతారు. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ రాత్రే వేసుకోవాలన్న నియమం లేదు. మరిచిపోని వేళ ఏదో అదే మంచి వేళ. కండరాల నొప్పులు బాగా వస్తే ఆపే ముందు చెప్పండి.

షుగరు: మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చూపే పరీక్ష), చాలామందికి 7 లోపు.

పంపింగ్: ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, 55 శాతం పైన ఉంటే మామూలు. 40 లోపు ఉంటే దానికి ప్రత్యేకమైన మందులున్నాయి, సుమారు మూడు నెలలు వాడి మళ్లీ ఎకో తీస్తారు. మొదటి ఎకోలో 35 అని చూసి ఇంటిల్లిపాదీ కుంగిపోతారు. దెబ్బ తిన్న కండరం కొన్ని వారాల్లో కొంత కోలుకోవచ్చు కాబట్టి, అసలు లెక్క ఆ రెండో ఎకోదే.

బరువు: పంపింగ్ తక్కువున్నవాళ్లు రోజూ పొద్దున్నే చూసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, పాదాలు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా ఆగకుండా వెళ్లండి.

9. "ఇంకా రెండు బ్లాకులున్నాయన్నారు"

ఇక్కడ రెండు రకాల మనుషులున్నారు. గుండెపోటుతో వచ్చి ఒక నాళానికి స్టెంట్ వేసినవాళ్లకు, మిగిలిన పెద్ద బ్లాకులకు కూడా కొన్ని వారాల్లో వేస్తే మేలని 2019లో వచ్చిన కంప్లీట్ అనే అధ్యయనం చూపింది. గుండెపోటు లేకుండా, నడిస్తే నొప్పి, ఆగితే తగ్గుదల అన్నట్టు స్థిరంగా ఉన్నవాళ్ల సంగతి వేరు. 2020లో అచ్చయిన ఇస్కీమియా అనే అధ్యయనంలో 5,179 మంది ఉన్నారు. మందులతో మొదలుపెట్టినవాళ్లకూ వెంటనే స్టెంటో బైపాసో చేయించుకున్నవాళ్లకూ ప్రాణాపాయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, నొప్పి మాత్రం స్టెంట్, బైపాస్ వాళ్లకు ఎక్కువ తగ్గింది. ఎడమ ప్రధాన నాళంలో బ్లాకు ఉన్నవాళ్లనూ పంపింగ్ బాగా తక్కువున్నవాళ్లనూ అందులో చేర్చలేదు. షుగరుండి మూడు నాళాలూ పూడితే స్టెంట్ల కంటే బైపాస్ మేలన్న మాటకు ఆధారాలు గట్టిగా ఉన్నాయి.

కాబట్టి డాక్టర్ని అడగాల్సినవి: బ్లాకు ఏ నాళంలో? దానివల్లే నొప్పి వస్తోందా? మందులు పెంచి చూస్తే ఏమవుతుంది? బైపాస్ అయితే? నాకు తొందర ఉందా, నెల ఆగవచ్చా? ఆగవచ్చంటే సీడీ తీసుకుని ఒంగోల్లోనో తిరుపతిలోనో ఇంకో డాక్టరుకు చూపించండి. ఏ మంచి డాక్టరూ దానికి ఏమీ అనుకోరు.

10. ప్రయాణాలు

మాత్రలు రెండు చోట్ల పెట్టుకోండి, చేతిసంచిలో కొన్ని, పెట్టెలో కొన్ని. వెళ్లే రోజులకంటే వారం ఎక్కువ ఉండాలి. తిరుమలకు బస్సులో వెళ్లండి, అలిపిరి మెట్లు డాక్టరు ఒప్పుకుంటేనే. రొట్టెల పండగ లాంటి రద్దీకి వెళితే ఎండ తగ్గాక, తోడుతో.

అయ్యప్ప మాల వేసుకునే ఆలోచన ఉంటే మాల వేసుకునే ముందే డాక్టర్ని అడగండి. రంజాన్ ఉపవాసాలకూ ఇదే మాట. ఒంటిపూట భోజనంతో, వేళలు మారడంతో షుగరు మందులూ బీపీ మందులూ ఎప్పుడు వేసుకోవాలో మళ్లీ రాయించుకోవాల్సి వస్తుంది. ఆ కొత్త పట్టీని పాతదాని మీదే అంటించి డబ్బాలో పెట్టండి.